విపత్తు వేళ స్థానిక మహిళా సంఘాలకు నిధులు: ఇచ్చేవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

తుఫాను, భూకంపం, యుద్ధం, ఏది వచ్చినా ఏ ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉంది, ఏ ముసలామె మంచం దిగలేదు, ఏ ఆడపిల్లను శిబిరంలో ఒంటరిగా వదలకూడదు అన్నది అక్కడి మహిళా సంఘానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బయటి సంస్థలు దిగి సర్వే ఫారాలు తీసేసరికి వీళ్లు పొయ్యి వెలిగించి వంట మొదలుపెట్టి ఉంటారు. డబ్బు మాత్రం సర్వే చేసినవాళ్ల ఖాతాలో పడుతుంది.

ఈ సంగతి పెద్ద దాతలకు తెలియనిది కాదు. 2016 మే నెలలో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా సదస్సులో ‘గ్రాండ్ బార్గెయిన్’ అనే ఒప్పందం కుదిరింది. 2020 నాటికి మానవతా సహాయ నిధుల్లో కనీసం 25 శాతం స్థానిక, జాతీయ సంస్థలకు వీలైనంత నేరుగా చేరాలని అందులో రాసుకున్నారు. గడువు దాటిపోయింది, లక్ష్యం దరిదాపుల్లోకి కూడా రాలేదు. చేరిన కాస్తలోనూ మహిళలు నడిపే సంస్థల వాటా ఇంకా చిన్నది.

మీరు ఒక ఫౌండేషన్ నడుపుతున్నా, కంపెనీ సామాజిక బాధ్యత నిధులు చూస్తున్నా, ప్రవాసుల సంఘం తరఫున చందాలు పోగుచేస్తున్నా, పెద్ద సంస్థలో ప్రోగ్రామ్ అధికారిగా ఉన్నా ఈ మార్గదర్శి మీ కోసమే. నా పక్షం ముందే చెప్పేస్తాను. ప్రాజెక్టుకు డబ్బివ్వడం తేలిక, సంఘానికి ఇవ్వడం కష్టం. విపత్తు తర్వాత పనికొచ్చేది ఆ రెండోదే. ఇక్కడ చెప్పే మెట్లన్నీ దానికోసమే.

1. సంఘాన్ని విపత్తు రాకముందే వెతికిపెట్టుకోండి

నీళ్లు వచ్చాక వెతికితే మీకు దొరికేది దాతల భాషలో చక్కటి ఈమెయిల్ రాయగల సంస్థ. అది మంచి సంస్థే కావచ్చు, కానీ మీరు ఎంచుకున్నది మాత్రం దాని ఈమెయిల్‌ని. ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే, ప్రమాదం పొంచి ఉన్న ప్రాంతాల్లో ఎవరెవరున్నారో ఒక జాబితా తయారు చేసుకోండి. ఆరోగ్య కార్యకర్తలు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు, కార్మిక సంఘాల వాళ్లను ఒకటే అడగండి: ‘ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి అర్ధరాత్రి ఎవరి తలుపు తడుతుంది?’ వేర్వేరు నోళ్ల నుంచి ఒకే పేరు వినిపిస్తే అటు వెళ్లండి.

మహిళల కోసం పనిచేసే సంస్థ వేరు, మహిళలు నడిపే సంస్థ వేరు. మానవతా సహాయ రంగంలో ఎక్కువగా వాడే కొలత ఇది: సంస్థను మహిళలు పాలిస్తూ ఉండాలి, లేదా పైస్థాయి బాధ్యతల్లో 50 శాతానికి తగ్గకుండా మహిళలు ఉండాలి. కాగితం మీద ఈ లెక్క సరిపోవడం పెద్ద పనేం కాదు. చెక్కు మీద సంతకం ఎవరిది, సమావేశం మినిట్స్ పుస్తకంలో ఎవరి మాటలున్నాయి, పోయిన ఏడాది ఒక పెద్ద ఖర్చుకు ‘వద్దు’ అన్నది ఎవరు, ఈ మూడూ అడగండి. అధ్యక్షురాలి బదులు ప్రతి జవాబూ పక్కన కూర్చున్న భర్త నుంచి వస్తుంటే విషయం అర్థమవుతుంది.

జాబితా ముగించేముందు అందులో ఎవరు లేరో చూడండి. వికలాంగ మహిళలు, వితంతువులు, వలస కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ట్రాన్స్ మహిళలు, అక్కడ అల్పసంఖ్యాకులైన వర్గాలవాళ్లు పెట్టుకున్న సంఘాలు ఉంటాయి. వీటిలో చాలావాటికి రిజిస్ట్రేషన్ ఉండదు. ఆ కారణంతో కొట్టేయకండి. వాళ్లకు డబ్బు చేరే దారి ఉంది, కింద చెబుతాను.

2. డబ్బు ఏ దారిన వెళ్తుందో తేల్చుకోండి

నేరుగా ఇవ్వగలిగితే నేరుగానే ఇవ్వండి. దానికి ముందు రెండు వైపుల చట్టాలూ చూసుకోవాలి. ఉదాహరణకు ఇండియాలో విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంటే అక్కడ మధ్యవర్తి సంస్థ ద్వారా విదేశీ డబ్బు కిందికి పంపే పద్ధతే కుదరదు. ఒక్కో దేశానిదీ ఒక్కో తీరు. ఈ పని విపత్తు వచ్చాక న్యాయవాదికి అప్పజెప్పేది కాదు.

నేరుగా కుదరనప్పుడు నాకు బాగా నచ్చే దారి మహిళా నిధులు. వీటి పనే మహిళా సంఘాలకు గ్రాంట్లు ఇవ్వడం. ఎవరు నికరమో, ఎవరు నామమాత్రమో ఏళ్ల తరబడి చూసి ఉంటాయి. 1997లో మొదలైన అర్జెంట్ యాక్షన్ ఫండ్ ఆపదలో ఉన్న మహిళా ఉద్యమకారులకు వేగంగా చిన్న గ్రాంట్లు ఇస్తుంది. ఆఫ్రికాకు, లాటిన్ అమెరికాకు, ఆసియా-పసిఫిక్‌కు దాని సోదర నిధులున్నాయి. ఆఫ్రికన్ విమెన్స్ డెవలప్‌మెంట్ ఫండ్, ఉక్రేనియన్ విమెన్స్ ఫండ్ రెండూ 2000లో పుట్టినవే. 2022 ఫిబ్రవరిలో పూర్తిస్థాయి యుద్ధం మొదలయ్యేనాటికి ఉక్రెయిన్ నిధి దగ్గర సంఘాల పేర్లు, ఖాతాలు, పరిచయాలు సిద్ధంగా ఉన్నాయి. ఇలాంటి నిధులను కలిపే ప్రోస్పెరా అనే అంతర్జాతీయ వేదిక ఉంది. మీ ప్రాంతానికి ఏ నిధి ఉందో అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టవచ్చు.

పెద్ద మొత్తాలున్నవాళ్లకు ఉమ్మడి నిధులూ ఉన్నాయి. 2016లో మొదలైన ఐక్యరాజ్యసమితి మహిళా శాంతి, మానవతా నిధి ప్రాజెక్టులకే కాక సంస్థ నిలదొక్కుకోవడానికి కూడా విడిగా గ్రాంట్లు ఇస్తుంది. ఇది అరుదైన మంచి లక్షణం. ఇక తప్పనిసరై ఐరాస సంస్థ ద్వారానో, పెద్ద అంతర్జాతీయ సంస్థ ద్వారానో ఇవ్వాల్సి వస్తే, కింది వాటాను ఒప్పందంలో అంకెతో రాయించండి. 2020లో ఐరాస కేంద్ర అత్యవసర నిధి హింసకు గురైన మహిళల సేవల కోసం 2.5 కోట్ల డాలర్లు కేటాయిస్తూ, కనీసం 30 శాతం మహిళలు నడిపే సంస్థలకు చేరాలని షరతు పెట్టింది. ‘వీలైనంత మేరకు’ అని రాస్తే ఏమీ చేరదు, 30 అని రాస్తే లెక్క అడగవచ్చు.

రిజిస్ట్రేషన్ లేని సంఘాలకు రెండు దారులు. నమ్మకమైన రిజిస్టర్డ్ సంస్థ వాళ్ల తరఫున ఖాతా నిర్వహించడం ఒకటి. దానికి ఆ సంస్థకు రుసుము ఇవ్వాలి, నిర్ణయం మాత్రం సంఘానిదే. చిన్న నగదు గ్రాంటు ఇచ్చి సామూహిక తీర్మానంతో లెక్క తీసుకోవడం రెండోది. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక వాడవాడలా ఏర్పడిన ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్’లు అనే స్థానిక సహాయ బృందాలు ఇలా నడిచినవే. వలంటీర్లు సామూహిక వంటశాలలు నడిపారు, మహిళలు తమకోసం విడిగా ఇలాంటి బృందాలు ఏర్పాటు చేసుకున్నారు. మొబైల్ బ్యాంకింగ్ మీదే డబ్బు తిరిగింది. బయటి సంస్థల సిబ్బంది అడుగుపెట్టలేని చోట్ల కూడా పని ఆగలేదు.

3. పరిశీలన: గ్రాంటుకు తగ్గంత కాగితమే

చిన్న గ్రాంటుకూ పెద్ద గ్రాంటుకూ ఒకే ఫారం పెట్టడం బద్ధకమే తప్ప జాగ్రత్త కాదు. మొత్తాన్ని బట్టి మూడు అంచెలు పెట్టుకోండి. కింది అంచెలో ఫోన్ సంభాషణ, ఇద్దరు తెలిసినవాళ్ల మాట, ఖాతా వివరాలు చాలు. మధ్య అంచెలో రిజిస్ట్రేషన్, ఏడాది జమాఖర్చులు. పై అంచెకే ఆడిట్ నివేదిక. అక్రమ నగదు చలామణిపై ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఆర్థిక కార్యాచరణ కార్యదళం (FATF) కూడా లాభాపేక్షలేని సంస్థలపై చర్యలు ప్రమాదానికి తగ్గట్టుగా ఉండాలనే చెబుతోంది. మీ బ్యాంకు అడ్డుపడితే ఆ మాట చూపించండి.

మరో దాత ఇప్పటికే పరిశీలించి ఉంటే ఆ కాగితాలే తీసుకోండి. ఒకే సంఘం ఒకే వివరాలను ఐదుగురికి ఐదు నమూనాల్లో రాసి పంపడంలో పోయే వారాలు ఎవరి ఖర్చు?

4. బడ్జెట్: అసలు గొడవంతా ఇక్కడే

ఈ రంగంలో ఒక వింత ఆచారం ఉంది. రాజధాని నుంచి వచ్చిన సమన్వయకర్తకు జీతం, దినభత్యం, వాహనం, బీమా ఉంటాయి. ఆమెను ఇంటింటికీ తిప్పి, ఎవరెవరికి ఏం కావాలో చెప్పిన స్థానిక మహిళ మాత్రం ‘వలంటీర్’. ఆమె ఇల్లు కూడా పడిపోయింది, ఆమె పనీ పోయింది. అయినా ఆమె శ్రమకు బడ్జెట్‌లో పద్దు ఉండదు. మర్యాదగా వలంటీర్ అన్నా అది వెట్టి చాకిరీయే. అందుకే బడ్జెట్ రాసేటప్పుడు మొదటి పద్దు జీతాలదే కావాలి. రోజుకు ఎన్ని గంటలు, ఎంతమంది, ఎన్ని నెలలు అన్నది సంఘాన్నే రాయమనండి. మీ సొంత సిబ్బందికి ఇచ్చే స్థాయితో పోల్చి చూడండి.

తర్వాత అద్దె, కరెంటు, ఫోన్ డేటా, అకౌంటెంట్ రుసుము, ఆడిట్ ఖర్చు. వీటిని ఓవర్‌హెడ్ అని పక్కకు తోసేస్తుంటారు. ఐరాస సంస్థలు సాధారణంగా 7 శాతం పరోక్ష ఖర్చుల కింద తీసుకుంటాయి. అదే డబ్బు కింది సంస్థకు చేరేసరికి ఆ శాతం చాలాసార్లు సున్నా అయ్యేది. 2022లో ఐరాస అంతర సంస్థల స్థాయీ సంఘం స్థానిక భాగస్వాములకూ ఓవర్‌హెడ్ ఇవ్వాలని మార్గదర్శకాలు తెచ్చింది. మీ ఒప్పందంలో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది: మధ్యవర్తి సంస్థ ఎంత శాతం ఉంచుకుంటే, కింది సంఘానికి వెళ్లే మొత్తం మీద దానికీ అంతే శాతం విడిగా ఇవ్వాలి. దాని వినియోగానికి రసీదులు అడగకూడదు.

సాధారణ బడ్జెట్ నమూనాల్లో కనిపించని పద్దులు కొన్ని ఉన్నాయి. సంఘం సభ్యులు సమావేశానికి వచ్చినప్పుడు పిల్లల్ని చూసుకునే మనిషికి డబ్బు. చీకటి పడ్డాక ఇంటికి చేరడానికి వాహనం. వికలాంగ మహిళల తోడుకు ఛార్జీలు. శానిటరీ ప్యాడ్లు, లోదుస్తులు. వీటిని ‘ఇతరాలు’లో దాచకుండా పేరు పెట్టి రాయండి, లేకపోతే కొనుగోలు కమిటీలో ఎవరో ఒకరు కొట్టేస్తారు. రోజంతా ఇతరుల దుఃఖం వినే కార్యకర్తలకు కౌన్సెలింగ్, కనీసం నెలకు రెండు రోజుల సెలవు. బ్యాంకు ఛార్జీలు, మారకపు విలువ పడిపోతే వచ్చే నష్టం. ఇది ఎప్పుడూ సంఘం నెత్తినే పడుతుంది, పడకూడదు.

నా లెక్క ప్రకారం గ్రాంటులో కనీసం మూడో వంతు ఏ పద్దుకూ కట్టని డబ్బుగా ఉండాలి. మిగతాదాంట్లో పద్దు నుంచి పద్దుకు 20 శాతం దాకా అనుమతి అడగకుండా మార్చుకునే వీలుండాలి. దుప్పట్లకని రాసుకున్నాక దుప్పట్లు లారీల కొద్దీ వచ్చి పడితే, ఆ డబ్బును మందులకు మళ్లించడానికి మీ సంతకం కోసం వాళ్లు ఎదురుచూడకూడదు. ఇంకొకటి: మూడు నుంచి ఆరు నెలల జీతాలకు సరిపడా నిల్వ నిధి కూడబెట్టుకోవడానికి ఒప్పుకోండి. గ్రాంటు ముగిసేనాటికి ఖాతా ఖాళీగా ఉండాలన్న నియమం వల్లే మరుసటి తుఫానుకు ఆ సంఘం చేతిలో చిల్లిగవ్వ ఉండదు.

ఎంత ఇవ్వాలన్న విషయంలో మాత్రం చేయి బిగించాల్సిన సందర్భం ఒకటుంది. సంఘం ఏడాది ఖర్చెంతో చూడండి. దానికి రెండు మూడు రెట్లు మించి ఒక్కసారిగా వచ్చిపడితే చిన్న సంఘాలు లోపల్లోపలే చీలిపోతాయి. పెద్ద మొత్తం ఉంటే ఎక్కువ సంఘాలకు పంచండి, లేదా ఎక్కువ ఏళ్లకు పరచండి.

5. మొదటి గంటల డబ్బు

విపత్తు వచ్చాక ప్రతిపాదన, సవరణ, కమిటీ, ఒప్పందం అంటూ తిరిగితే నెలలు పడుతుంది. అందుకే ఒప్పందంపై ముందే సంతకాలు చేసి పెట్టుకోండి: ఫలానా హెచ్చరిక వెలువడితే, లేదా సంఘం నుంచి ఫోన్ వస్తే, ఫలానా మొత్తం ఇన్ని గంటల్లో ఖాతాలో పడుతుంది అని. స్టార్ట్ నెట్‌వర్క్ నడిపే అత్యవసర నిధి హెచ్చరిక అందిన 72 గంటల్లో నిర్ణయం తీసుకుని చూపించింది. అనేక సంస్థలు కలిసిన యంత్రాంగమే ఆ పని చేయగలిగినప్పుడు ఒక ఫౌండేషన్‌కు వారం ఎందుకు పడుతుందో చెప్పడం కష్టం.

వాతావరణ శాఖ తుఫాను తీరం దాటే సమయం చెప్పగలిగిన చోట, దాటకముందే డబ్బు పంపండి. వృద్ధులను తరలించడానికి వాహనం, టార్పాలిన్లు, ఫోన్లకు బ్యాటరీలు ముందురోజు కొంటే ఒక ధర, మర్నాడు ఇంకో ధర. తుఫాను పక్కకు తప్పుకుంటే? ఆ డబ్బు తిరిగి అడగకండి, వచ్చే హెచ్చరికకు నిల్వగా ఉండనివ్వండి.

మామూలు అభివృద్ధి గ్రాంటు ఇప్పటికే నడుస్తుంటే, అందులో ‘సంక్షోభం వస్తే కొంత శాతం సహాయక చర్యలకు మళ్లించవచ్చు’ అనే నిబంధన చేర్చండి. దరఖాస్తు ఒక పేజీ, లేదా స్థానిక భాషలో ఒక వాయిస్ మెసేజ్. చిన్న గ్రాంటు మొత్తం ఒకే విడతలో. ముందు ఖర్చు పెట్టండి, తర్వాత బిల్లు పంపితే ఇస్తాం అనే పద్ధతిని అత్యవసర వేళ వాడనే వాడకండి. అంత డబ్బు చేతిలో ఉంటే వాళ్లు మీ దగ్గరికి ఎందుకు వస్తారు?

6. కెమెరాలు వెళ్లిపోయాక

చందాలు మొదటి వారాల్లో పోటెత్తుతాయి, మూడో నెలకు ఎండిపోతాయి. ఇళ్ల కేటాయింపు, నష్టపరిహారం, భూమి పట్టాలు, అప్పుల వసూళ్లు, చదువు మానేసిన ఆడపిల్లల పెళ్లిళ్లు అప్పుడే మొదలవుతాయి. మహిళలు ఎక్కువ నష్టపోయేది కూడా ఇక్కడే. అందుకే చేతిలో ఉన్న మొత్తంలో సగానికి పైగా ఆరో నెల తర్వాతికి పక్కన పెట్టమని నా సలహా.

ఆ డబ్బుతో ఏం సాధ్యమో లాతూరు చూపించింది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో భూకంపం వేలమందిని బలి తీసుకుంది. దెబ్బతిన్న ఇళ్ల మరమ్మతు కార్యక్రమంలో ప్రభుత్వం స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థను తోడు తెచ్చుకుంది. గ్రామ మహిళా సంఘాల నుంచి ‘సంవాద్ సహాయక్’లను ఎంపిక చేశారు. వెయ్యికి పైగా గ్రామాల్లో ఈ మహిళలు ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పారు, భూకంపాన్ని తట్టుకునే నిర్మాణ పద్ధతులు నేర్చుకుని ఇరుగుపొరుగుకు నేర్పారు, పనుల నాణ్యత మీద కన్నేసి ఉంచారు. 2001లో గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు లాతూరు మహిళలు అక్కడికి వెళ్లి తమ అనుభవం పంచుకున్నారు. ఇళ్లు కట్టించే పథకానికి ఇచ్చిన డబ్బు ఇళ్లతో ఆగిపోలేదంటే, సంఘాలను కూలీలుగా కాక బాధ్యులుగా పెట్టడం వల్లే.

కాబట్టి పునర్నిర్మాణ దశలో కుట్టు మిషన్ల పంపిణీకి ముందు ఈ పద్దులు చూడండి: కొత్త ఇంటి పట్టాలో భార్య పేరు చేర్పించే న్యాయ సహాయం, పోయిన గుర్తింపు పత్రాలు తిరిగి తెప్పించే మనిషి, పరిహారం జాబితాను సవాలు చేసే అర్జీలు, అధికారుల సమన్వయ సమావేశాల్లో కూర్చోవడానికి రోజు కూలీ, ప్రయాణం, అనువాదకురాలు. 2015లో ఐరాస సభ్యదేశాలు ఆమోదించిన సెండాయ్ విపత్తు ప్రణాళిక మహిళల నాయకత్వాన్ని గుర్తించింది గానీ, సమావేశం మందిరానికి బస్సు ఛార్జీ ఎవరిస్తారో చెప్పలేదు.

7. నివేదికలు తక్కువ, మాటలు ఎక్కువ

గ్రాండ్ బార్గెయిన్ నుంచి పుట్టిన ‘8+3’ అనే నివేదిక నమూనా ఉంది. ఎనిమిది ప్రధాన ప్రశ్నలు, వాటికి అదనంగా దాత ఎంచుకునే మూడు. మీ ఇరవై పేజీల ఫారం పక్కన పెట్టి అది వాడండి. చిన్న గ్రాంటుకు ఫోన్‌లో అరగంట మాట్లాడి మీరే రాసుకోండి, రాసింది వాళ్లకు చదివి వినిపించండి. బిల్లుల ఫొటోలు సరిపోతాయి. బిల్లు పుట్టని చోట, అంటే పడవవాడికో కూలీకో ఇచ్చిన డబ్బుకు, ముగ్గురు సభ్యుల సంతకాలతో తీర్మానం చాలు.

లెక్క చెప్పాల్సింది మీకంటే ముందు అక్కడి జనానికి. ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది సంఘం బోర్డు మీద రాసిపెడితే వేయి వోచర్ల కంటే అదే గట్టి తనిఖీ. భద్రత దృష్ట్యా అలా రాయకూడని ప్రాంతాలుంటాయి, ఆ నిర్ణయం సంఘానికే వదలండి.

8. హాని జరగకుండా

హింసకు గురైన మహిళల పేర్ల జాబితా ఎప్పుడూ అడగకండి, ఆడిట్ కోసం కూడా. సంఖ్య చాలు. శిబిరాల ఫొటోలు, ఆశ్రయ గృహాల చిరునామాలు మీ ప్రచారంలోకి రానివ్వకండి. లోగో ఉన్న బ్యానర్ కట్టమనే ముందు అది ఆ ఊళ్లో ఎవరి కంటపడుతుందో వాళ్లనే అడగండి. మహిళల చేతికి డబ్బు రావడం నచ్చని పెద్దమనుషులు, కొన్నిచోట్ల సాయుధులు కూడా ఉంటారు. తాళాలు, ఫోన్ భద్రత, అవసరమైతే కొన్నాళ్లు వేరే చోట తలదాచుకోవడానికి అయ్యే ఖర్చు బడ్జెట్‌లోనే ఉండాలి.

ఫిర్యాదు దారి కూడా రెండువైపులా తెరిచి ఉండాలి. మీ సిబ్బందో, మధ్యవర్తి సంస్థ మనుషులో సాయానికి బదులు ఏదైనా ఆశిస్తే, సంఘం సభ్యులు ఎవరికి, ఏ నంబరుకు చెప్పాలో మొదటి రోజే వాళ్ల భాషలో రాసి ఇవ్వండి. ఆ నంబరు అదే మధ్యవర్తి సంస్థది కాకుండా చూడండి.

డబ్బు దుర్వినియోగం జరిగితే ఏం చేస్తారో ముందే ఒప్పందంలో రాసుకోండి: ఎవరు విచారిస్తారు, ఎన్ని రోజుల్లో, ఈలోగా ఏ చెల్లింపులు ఆగవు. ఒక్క సంఘంలో ఒక్క మనిషి చేసిన పనికి ఆ ప్రాంతంలోని గ్రాంట్లన్నీ స్తంభింపజేసే దాతలున్నారు. జీతాలూ ఆశ్రయ గృహం ఖర్చూ విచారణ కాలంలోనూ నడవాలి.

9. మీరు తప్పుకునేటప్పుడు

కనీసం మూడేళ్లు, వీలైతే ఐదేళ్లు ఉండేలా మొదట్లోనే మాట ఇవ్వండి. ఆపేయాలనుకుంటే ఏడాది ముందు రాతపూర్వకంగా చెప్పండి. ఆ ఏడాదిలో ఇతర దాతలకు పరిచయం చేయడం, సిఫారసు ఉత్తరాలు రాయడం మీ పని. కొన్న వాహనం, కంప్యూటర్లు, జనరేటర్ సంఘం పేరు మీదికి బదిలీ చేసే కాగితాలు ఆఖరి విడత డబ్బుతోపాటే పంపండి. విపత్తు కోసం ముందే సంతకం చేసిన ఒప్పందాన్ని మాత్రం రద్దు చేయకండి. గ్రాంటు ముగిసినా దాన్ని ఏటా పొడిగించడానికి ఒక ఈమెయిల్ చాలు, ఖాతా నంబరు మారిందేమో కనుక్కోవడానికి ఒక ఫోన్.